నల్ల కుక్కపిల్ల ముఖం ఫొటోలో పడటం లేదు, ఏం చేయాలి?

కుట్టుమిషన్_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పాతపట్నం వెళ్లే రోడ్డు మీద నాకు టైలరింగ్ షాపు ఉంది. ఫొటోలు సరదాకే తీస్తాను, పెళ్లిళ్లూ ఫంక్షన్లూ ఒప్పుకోను. మా బావమరిది దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కెనన్ 1500డి తీసుకున్నాను. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు తప్ప ఇంకేమీ లేదు.

సంగతేమిటంటే, షాపు వెనక మూతపడిన గోడౌన్ ఒకటుంది. దాని అరుగు కింద మా వీధి కుక్క రాణి నవంబరు చివర్లో నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు గోధుమరంగువి, ఒకటి తెలుపు మీద మచ్చలది, ఒకటి ఒంటినిండా నలుపు. ఎదురింటి ఒడియా పిల్లలు నల్లదానికి కాళియా అని పేరు పెట్టేశారు. మిగతా మూడింటికీ రోజుకో పేరు మారుతుంది.

ఇప్పుడవి బాగా పరుగులు పెడుతున్నాయి. కెమెరా పట్టుకుని కూర్చున్నానంటే నాలుగూ నా మీదికే వస్తాయి. సగం ఫొటోల్లో ముక్కు తప్ప ఏమీ ఉండదు, మిగతా సగం షేక్. లెన్సులో స్టెబిలైజర్ ఉంది, ఆన్‌లోనే ఉంది. మరి షేక్ ఎందుకు అవుతోంది?

కాళియా సంగతి ఇంకా కష్టం. ఫొటోలో అది బొగ్గుముద్దలా వస్తోంది. కళ్లెక్కడో, మూతెక్కడో తెలియదు. ఫోన్‌తో తీస్తే ముఖం కాస్త తెలుస్తుంది గానీ, పోర్ట్రెయిట్ మోడ్ పెడితే చెవుల చుట్టూ బొచ్చు చెరిపేసినట్టు అవుతోంది. పెంచుకుంటారేమోనని నాలుగింటి ఫొటోలూ మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మచ్చలదాన్ని ఇద్దరు అడిగారు, గోధుమరంగువాటిని కూడా అడిగారు. కాళియా గురించి ఒక్కరూ అడగలేదు. దగ్గరికొచ్చి చూస్తే నాలుగింటిలో అందమైన ముఖం దానిదే, నమ్మండి.

షాపు తొమ్మిదిన్నరకి తెరుస్తాను. అందుకని తొమ్మిదికి ముందో వెనకో, గోడౌన్ ముందు ఎండ బాగా పడే చోట తీస్తున్నాను. సంక్రాంతి బట్టలు నెత్తి మీద ఉన్నాయి, సాయంత్రం కుదిరే పని కాదు. వెనకాల మురుగుకాలవ, ప్లాస్టిక్ కవర్లు. అవి కూడా ఫొటోలో పడుతున్నాయి. పండగ కుట్టుకూలి చేతికొస్తే ఒక లెన్సు కొనగలను. 50 ఎంఎం మంచిదా, 55-250 మంచిదా?

రాయగడ_రైడర్

అన్నా, కళ్లు మూసుకుని 55-250 కొనెయ్. నేను నాగావళి ఒడ్డున కుక్కల్నీ మేకల్నీ దాంతోనే తీస్తాను. దూరంగా కూర్చుంటే అవి నిన్ను పట్టించుకోవు, వాటి ఆట అవి ఆడుకుంటాయి. బ్యాక్‌గ్రౌండ్ కూడా బాగా బ్లర్ అవుతుంది, కవర్లూ కాలవా కనిపించవు. 50 ఎంఎం అంటే జూమ్ ఉండదు, పిల్ల కదిలినప్పుడల్లా నువ్వు కదలాలి.

నల్లదానికి ఫ్లాష్ వేసి చూడు.

బరంపురం_పాతస్టూడియో

ఫ్లాష్ వద్దు. నల్లబొచ్చు మీద అక్కడక్కడా తెల్లగా మెరుస్తుంది, కళ్లు పచ్చగా వెలుగుతాయి. పిల్ల బెదిరిందంటే మళ్లీ కెమెరా దగ్గరికి రాదు. రాయగడ బాబు దూరం నుంచి తీసేవాడు కాబట్టి ఆ బాధ పడి ఉండడు.

కుట్టుమిషన్ బాబూ, ముందు లెన్సు మాట పక్కన పెట్టు. పండగ డబ్బు ఇంట్లో ఇవ్వు. నేను బరంపురంలో ఏళ్ల తరబడి స్టూడియో నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నాకు పొద్దున్నే గోపాల్‌పూర్ వెళ్లి బీచ్ కుక్కల్ని తీయడం పని. ఆ కుక్కల్లో నల్లవి చాలా ఉన్నాయి, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నీ తిప్పలన్నీ ఒక్క మాటలో ఉన్నాయి: తొమ్మిది గంటలకి ఎండలో తీస్తున్నాను అన్నావు చూడు, అందులో. ఆ వేళకి ఎండ నేల మీద పడి నేల తెల్లగా మెరుస్తుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం ఆ నేలే. కెమెరా దాన్ని చూసి, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నేల సరిగ్గా వస్తుంది, కాళియా చీకట్లో కలిసిపోతుంది.

మన వైపు సూర్యుడు హైదరాబాదు కంటే ఇరవై నిమిషాల ముందే వస్తాడు, ముందే పోతాడు. యూట్యూబులో అక్కడి కుర్రాళ్లు చెప్పే టైములు పట్టుకుంటే మనకి మెత్తని వెలుగు దాటిపోతుంది. ఈ జనవరిలో ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం. మంచు విడిచాక, ఏడు నుంచి ఎనిమిది లోపు తీసుకో. అప్పుడూ కాళియాని ఎండలో పెట్టకు. గోడౌన్ అరుగు అంచున నీడ ఉంటుంది కదా, పిల్ల నీడలో ఉండాలి, దాని ముఖం మాత్రం ఆకాశం వైపు, బయటికి తిరిగి ఉండాలి. నువ్వు బయటి నుంచి లోపలికి చూస్తూ తియ్యి. బోర్లా పడుకుని దాని కళ్లలోకి చూడు. కంటిలో చిన్న తెల్లచుక్క కనబడితే ఫొటోలోనూ కళ్లు కనబడతాయి. కనబడకపోతే పక్కకి జరుగు. ఈ చుక్క ఒక్కటి పడితే నల్లపిల్ల ఫొటో అయిపోయినట్టే, మిగతాది సెట్టింగు.

గోపాల్‌పూర్‌లో నాకు ఒక లాభం ఉంది. ఇసుక లేత రంగు కాబట్టి వెలుగు కింద నుంచి కూడా తగిలి గెడ్డం కింద నలుపు విడిపోతుంది. నీకు ఇసుక లేదు గానీ నువ్వు టైలరువి, తెల్ల పాప్లిన్ ఉంటుంది. మీటరున్నర గుడ్డ పిల్ల ముందు, ఫ్రేము బయట నేల మీద పరువు. తెలుపే వాడు. ఎర్ర జాకెట్టు ముక్క వేశావంటే పిల్ల గెడ్డం ఎర్రగా వస్తుంది.

ఇక కెమెరా. వెలుగు కొలిచే పద్ధతుల్లో, 1500డిలో ఒక్క చుక్కనే చూసే స్పాట్ మీటరింగ్ లేదు, పార్షియల్ ఉంది. అది ఫ్రేము మధ్యలో కొంత మేరే చూస్తుంది. కాళియా ముఖం మీద పెట్టి తీస్తే ఈసారి తేడా ఇటు నుంచి వస్తుంది: నలుపుని బూడిదరంగు చేసేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కగట్టిన వెలుగుని మనం పెంచేది, తగ్గించేది) మైనస్ 2/3 పెట్టు, చాలకపోతే మైనస్ 1. మచ్చలది ఫ్రేము నిండా ఉన్నప్పుడు దీనికి తిరగేసి, ప్లస్ వైపు. జేపెగ్ కాకుండా రా (RAW) ఫైలుగా తియ్యి. నలుపులో దాగినదాన్ని తర్వాత కంప్యూటర్‌లో కొంత పైకి లాగొచ్చు. తెల్లగా కాలిపోయినదాన్ని మాత్రం ఎవడూ వెనక్కి తేలేడు.

షేక్ గురించి అడిగావు. స్టెబిలైజర్ నీ చేతి వణుకు ఆపుతుంది, కుక్కపిల్ల గెంతు ఆపదు. డయల్ మీద Tv అని ఉండే మోడ్‌లో షట్టరు వేగం 1/640 సెకను పెట్టు. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి తీసుకోవాలనేది) ఆటోలో ఉంచి గరిష్ఠం 3200 అని మెనూలో కట్టేయ్. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, రానీ. గ్రెయిన్ ఉన్న ఫొటోని గోడకి తగిలించొచ్చు. పడుకున్న పిల్లకి 1/125 చాలు.

ఫోకస్ ఏఐ సర్వోలో ఉండాలి, కదిలేదాన్ని వెంబడించేది అదే. నీ కెమెరాలో తొమ్మిది పాయింట్లు ఉన్నా గట్టిగా పట్టేది మధ్యదే, ఆ ఒక్కటే అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ పట్టే క్రాస్ టైపు. దాన్ని కంటి మీద పెట్టి, చుట్టూ ఖాళీ వదిలి తియ్యి. 24 మెగాపిక్సెళ్లు ఉన్నాయి, తర్వాత కత్తిరించుకో, కత్తిరించడం నీకు నేర్పాలా. వెనక స్క్రీన్ చూసి తీయకు. లైవ్ వ్యూలో ఫోకస్ తాపీగా వస్తుంది, అప్పటికి పిల్ల పక్క వీధిలో ఉంటుంది. ఆ స్క్రీన్ పైకి తిరగదు కూడా. కాబట్టి గోనెసంచి వేసుకుని నేల మీద పడుకోవడమే. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించాలి.

పడుకుంటే నీ మూడో కష్టం కూడా సగం తీరుతుంది. నిలబడి కిందికి వంచి తీస్తే పిల్ల వెనక ఉండేది నేల, నేల మీద కవర్లు. నేలబారున తీస్తే వెనక ఉండేది దూరపు గోడో చెట్టో. ఒక అడుగు ఎడమకో కుడికో జరిగితే మురుగుకాలవ ఫ్రేములోంచి పోతుంది. జూమ్ చివర 55 ఎంఎం దగ్గర నీ లెన్సు తెరుచుకునేది ఎఫ్/5.6 దాకానే. పిల్లకీ గోడకీ మధ్య దూరం ఉంటే ఆ మాత్రం బ్లర్ చాలు. దీని కోసం ఇంకా పెద్దగా తెరుచుకునే ఎఫ్/1.8 లెన్సు కొని, దగ్గర నుంచి తీసి, కన్ను షార్పుగా వచ్చి ముక్కు బ్లర్ అయిన ఫొటోలు మా కుర్రాడు నాకు రోజూ చూపిస్తుంటాడు.

ఒక కిటుకు చెప్తాను. నీ మీదికి పరుగెత్తుకొచ్చేదాన్ని తీయకు, పావు మీటరు కంటే దగ్గరికొస్తే నీ లెన్సు ఫోకస్ పట్టదు. రానీ. వాసన చూస్తుంది, సంచి కొరుకుతుంది, విసుగొచ్చి వెనక్కి తిరిగి పోతుంది. అలా పోయేటప్పుడు నీ కత్తెర గాలిలో రెండుసార్లు ఆడించు. టక్కున ఆగి తల తిప్పుతుంది, చెవులు లేస్తాయి. అప్పుడు నొక్కు. ఈ చప్పుడు మాటిమాటికీ వాడకు, అలవాటు పడితే తోక కూడా ఊపదు. మర్నాటికి ఇంకో చప్పుడు వెతుక్కో.

గుణుపురం_పశువైద్యం

బరంపురం మాస్టారు చెప్పింది బాగుంది. కానీ కత్తెర మాట రాగానే నాకు టెన్షన్ వచ్చింది. అన్నయ్యా, నేను గుణుపురం దగ్గర పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను, డాక్టర్ని కాను. టైలరు షాపు వెనక కుక్కపిల్లలంటే ముందు చెప్పాల్సింది దారం గురించి. దారప్పోగు మింగితే అది పేగులో అడ్డం పడి, పేగంతా ముడతలుగా లాగేస్తుంది. ఆపరేషన్ దాకా పోతుంది. బొత్తాలు, హుక్కులు, సూదులు కూడా అంతే. ఆడించడానికి గుడ్డపేలికలు ఇస్తుంటే కొసలు ఊడని గట్టి ముక్క ఇవ్వండి, ఫొటో అయ్యాక తీసేసుకోండి. షాపు ఊడ్చిన చెత్త ఆ వైపు పొయ్యకండి.

రాణి గురించి మీరేమీ రాయలేదు. అది మిమ్మల్ని పిల్లల దగ్గరికి రానిస్తోందా? మీరు అన్నం పెట్టే కుక్క కాబట్టి రానిచ్చి ఉండొచ్చు. కానీ మీరు నేల మీద పడుకుంటే దాని ముఖం ఎత్తుకి మీ ముఖం వస్తుంది. అది లేచి నిలబడి, ఒళ్లు బిగించి, తోక కదలకుండా మిమ్మల్నే చూస్తుంటే కెమెరా తీసుకుని లేచిపోండి. గుర్రుమనేదాకా ఆగకండి. దానికి ముందు అన్నం పెట్టి, అది తిని, దాని మానాన అది తిరగడానికి వెళ్లాక తియ్యండి. ఈ వయసు పిల్లల్ని తల్లి ఎలాగూ కాసేపు కాసేపు వదిలి వెళ్తుంటుంది.

పిల్లల వేళలు కూడా చూసుకోండి. పాలు తాగిన వెంటనే నిద్రపోతాయి. నిద్ర లేచి, ఒంటికి పోసుకున్నాక ఆటకి దిగుతాయి. ఆ పావుగంటే మీది. అలిసిపోయాక లేపి ఆడించకండి.

పుట్టిన రెండు వారాలకి గానీ కళ్లు తెరవవు, తెరిచాక కూడా కొన్నాళ్లు చూపు మసకే. ఇక్కడ చదివేవాళ్లలో ఎవరికైనా అంత చిన్నవి ఉంటే ఫొటోల కోసం తల్లి దగ్గర నుంచి బయటికి తేకండి. చలికి తట్టుకోలేవు. నెల దాటాకే ముఖాలు తెలుస్తాయి, అప్పుడు తీసుకోవచ్చు.

పార్వో అనే కుక్కపిల్లల జబ్బు గురించి ఒక మాట. ఒక వీధి పిల్లల్ని తీసి, అవే చెప్పులతో ఇంకో వీధి పిల్లల దగ్గరికి వెళ్లకండి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. వాంతులు, రక్తవిరేచనాలు మొదలైతే ఈ వయసు పిల్లలు రోజుల్లో పోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడాలి. మీవి ఆ వయసుకి వచ్చేశాయి, పండగ కోసం ఆగకండి.

ఆటలో పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా కుక్కపిల్లే కదా అనుకోవద్దు. సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. ఎదురింటి పిల్లలకి కూడా చెప్పండి. చిన్నపిల్లలు తిడతారని ఇంట్లో దాస్తారు.

రాయగడ_రైడర్

ఫ్లాష్ మాట వెనక్కి తీసుకుంటున్నా. 55-250 మాట తీసుకోను. మాస్టారూ, పరిచయం ఉన్న కుక్కకి నేల మీద పడుకోవచ్చు. దారిలో కనపడిన వాటి తల్లి ఎలాంటిదో ఎవరికి తెలుసు?

బరంపురం_పాతస్టూడియో

పరిచయం లేని తల్లికి నీ లెన్సే సరైనది, ఒప్పుకుంటాను. కానీ అతని పిల్లలు ఒళ్లోకి వచ్చేవి. 55-250 అయితే దాదాపు మీటరు దూరం లేకుండా ఫోకస్ పట్టదు. అవి అతన్ని మీటరు దూరంలో కూర్చోనిస్తాయా?

కుట్టుమిషన్_పర్లాకిమిడి

అందరికీ థాంక్స్. నిన్న, ఇవాళ పొద్దున్నే వెళ్లాను. మంచు విడిచేసరికి ఏడు దాటింది, మహేంద్రతనయ నది వైపు నుంచి ఇంకా పొగలాగే ఉంది. ముందు రాణికి అన్నం పెట్టాను. తినేసి రోడ్డు దాటి పోయింది. గుణుపురం చెల్లెమ్మా, అది నన్ను ఏమీ అనదు గానీ మా ఆవిడ వస్తే మాత్రం లేచి నిలబడుతుంది, అందుకే తనని దూరంగా ఉండమన్నాను. షాపు చెత్త కూడా ఇప్పుడు సంచిలో కట్టి పెడుతున్నాను.

పాప్లిన్ సంగతి ఏం చెప్పమంటారు మాస్టారూ. పరిచిన మరుక్షణం నాలుగూ దాని మీదే. ఒక గోధుమరంగుది కొస పట్టుకుని లాక్కుపోయింది, మచ్చలది మధ్యలో కూర్చుని ఒంటికి పోసేసింది. చివరికి షాపులో బట్ట చుట్టి వచ్చే అట్ట ఉంది కదా, దానికి తెల్ల లైనింగు బిగించి కుట్టి, ఎదురింటి అబ్బాయి చేతికిచ్చాను. వాడు పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు. అట్ట కాస్త వంచినప్పుడల్లా కాళియా గెడ్డం కింద వెలుగు రావడం నా కంటికే తెలిసింది.

కాళియా కళ్లు గోధుమరంగువి! నాకు ఇన్నాళ్లూ తెలియదు, నల్లవే అనుకున్నాను. ముక్కు మీద సన్నగా ఒక గీత, కుడి ముందుకాలి వేళ్ల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు. పార్షియల్, మైనస్ 2/3, 1/640 పెట్టాను. ఐఎస్ఓ 3200కి వెళ్లిపోయింది, గ్రెయిన్ ఉంది. కత్తెర చప్పుడుకి తల తిప్పింది గానీ, ఆ ఫొటోలో చెవి ఒకటే లేచింది, రెండోది మడతలోనే ఉంది. మా ఆవిడకి అదే నచ్చింది.

లెన్సు ఇప్పుడు కొనను. ఇంకో సందేహం: వాట్సాప్‌లో పెడితే ఫొటో పాడవుతోంది. గ్రూపులో మళ్లీ కాళియాది ఎలా పెట్టాలి? పెంచుకునేవాళ్లకి ఎలాంటి ఫొటో కావాలి?

రాయగడ_రైడర్

డాక్యుమెంట్‌గా పంపు అన్నా, ఫొటోగా కాదు. అప్పుడు సైజు తగ్గించదు. కాకపోతే గ్రూపులో డాక్యుమెంట్ ఎవరూ తెరవరు. కాబట్టి ఒకటి మామూలుగా, హెచ్‌డీ నొక్కి పెట్టు. అడిగినవాళ్లకి పెద్దది విడిగా పంపు.

బరంపురం_పాతస్టూడియో

మూడు ఫొటోలు పెట్టు. ముఖం ఒకటి. పక్క నుంచి నాలుగు కాళ్ల మీద నిలబడినది ఒకటి, కాళ్లూ తోకా కనబడాలి. మనిషి పక్కన ఒకటి, ఎంత ఉందో తెలియడానికి. ఎదురింటి అబ్బాయిని కూర్చోబెట్టు, వాళ్ల నాన్నని అడిగి. చెవి మడతపడిన ఫొటోనే ముందు పెట్టు. మీ ఆవిడ మాట విను.

ఎడిటింగులో నలుపుని మరీ పైకి లాగకు. అలా చేస్తే బొచ్చు బూడిదరంగుకి తిరుగుతుంది. తీసుకోవడానికి వచ్చినవాడు ఇది ఆ కుక్క కాదంటాడు.

గుణుపురం_పశువైద్యం

మగదో ఆడదో రాయండి, అందరూ మొదట అడిగేది అదే. మొదటి టీకా వేయించాక ఆ తేదీ కూడా రాయండి. ఎవరైనా వెంటనే ఇచ్చెయ్యమంటే ఇవ్వకండి, ఎనిమిది వారాలు నిండాలి. మీ లెక్క ప్రకారం జనవరి చివరి వారం అవుతుంది. అప్పటిదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి.

ఎంత త్వరగా ఇల్లు దొరికితే అంత మంచిదన్నది కూడా నిజమే. కోల్‌కతా ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ వాళ్లు పశ్చిమ బెంగాల్లో వీధికుక్కల పిల్లల్ని కొన్నేళ్లు గమనించి 2016లో రాశారు. ఏడు నెలలు వచ్చేదాకా బతికినవి నూటికి పంతొమ్మిదే. చనిపోయినవాటిలో సగానికి పైగా మనుషుల వల్లే పోయాయి, బళ్ల కింద పడినవీ కొట్టినవీ విషం పెట్టినవీ. మీ షాపు రోడ్డు మీదే ఉందన్నారు కాబట్టి చెప్తున్నాను. గోడౌన్ వైపు నుంచి రోడ్డు మీదికి వచ్చే సందులో ఒక చెక్క అడ్డం పెట్టండి. రాణి దూకుతుంది, పిల్లలు దూకలేవు.

కుట్టుమిషన్_పర్లాకిమిడి

చెక్క ఇవాళే పెట్టాను. కాళియా ఆడపిల్ల. పేరు చూసి అందరూ మగదనుకుంటున్నారు, గ్రూపులో అది కూడా రాస్తాను.